అనుమాన సమన్వయాధికారి

యాభై నాలుగో ఏడు వచ్చేదాకా వేమవరపు భుజంగరావుకు ఏ మనిషి మీదా అనుమానం రాలేదు. ఆయన పనిచేసేది బీమా కంపెనీలో కాకపోయి ఉంటే ఇది చెప్పుకోదగ్గ సుగుణమే అయ్యేది.

సర్వజనరక్ష బీమా సంస్థ మండపేట శాఖలో ఆయన ఇరవై తొమ్మిదేళ్లుగా క్లెయిముల సీట్లో కూర్చుని ఉన్నాడు. గేదె చచ్చినవాళ్లు, పంపుసెట్టు కాలిపోయినవాళ్లు, పెళ్లి ఊరేగింపుకు వెళ్తూ బ్యాండు వ్యానును కాలవలో పడేసుకున్నవాళ్లు అందరూ ఆ సీటు ముందుకే వచ్చి నిలబడేవారు. ఆయన వాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, ఏయే కాగితాలు తేవాలో తన గుండ్రటి దస్తూరీతో ఒక జాబితా రాసి ఇచ్చేవాడు. గుమ్మం ఎక్కే తీరును బట్టి మనిషి ఎలాంటివాడో చెప్పేయగలనని ఆయనకు గట్టి నమ్మకం. నిజమే, ముఖాలు చదవడం ఆయనకు వచ్చు. కాకపోతే అన్ని ముఖాల మీదా ఆయనకు ఒకటే మాట రాసి ఉన్నట్టు కనిపించేది: మంచివాడు.

ఒక సోమవారం విశాఖపట్నంలోని ప్రాంతీయ కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. మేనేజరు జానకీరమణిగారు దాన్ని మూడుసార్లు చదువుకుని, నలుగురు ఉద్యోగుల్నీ తన గదిలోకి పిలిచి పైకి చదివి వినిపించారు. "గత మూడు సంవత్సరములలో మీ శాఖ నుండి అనుమానిత మోసము ఒక్కటైనను నివేదింపబడలేదు. మోసములు లేకపోవుట సంభవము కాదు గనుక, వాటిని కనుగొనుటలో శాఖ విఫలమైనదని భావింపవలసి వచ్చుచున్నది. ఇకమీదట ప్రతి శాఖయు పదునైదు దినములకు కనీసము ఒక అనుమానమును విధిగా నివేదింపవలెను. ఇందు నిమిత్తము ఒక అనుమాన సమన్వయాధికారిని తక్షణము నియమింపవలెను."

జానకీరమణిగారు ఎవరినీ నొప్పించలేని మనిషి. ఫోను పెట్టేసేముందు ఫోనుకు కూడా నమస్కారం పెట్టేవారు. ఎవరు తీసుకుంటారని ఆవిడ అడగ్గానే మిగతా ముగ్గురికీ తమ చెప్పుల వైపు చూసుకోవాల్సిన పని పడింది. భుజంగరావు మాత్రం తలెత్తి ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయనకు దక్కిన పదవులన్నీ "సీనియర్" అన్న మాటతో మొదలై "అసిస్టెంట్" దగ్గర ఆగిపోయాయి. అనుమాన సమన్వయాధికారి. నోట్లో ఒకసారి అనుకుని చూసుకున్నాడు. నిండుగా ఉంది. ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్తే, భార్య సత్యవాణి కూర తరుగుతూనే విని, ఇంతకీ ఎవరిని అనుమానించాలని అడిగింది. అది ఇంకా ఖరారు కాలేదని ఆయన చెప్పాడు.

మరుసటి వారం కాకినాడలో ఒక హోటలు హాల్లో శిక్షణ. చుట్టుపక్కల శాఖల నుంచి నలభై మంది అనుమాన సమన్వయాధికారులు వచ్చారు. నలభై మందీ ఒకరినొకరు చూసుకుని, ఇది కూడా ఒక పరీక్షేమోనని కాస్త దూరదూరంగా కూర్చున్నారు. నిఘా విభాగం ముఖ్యాధికారి ఉమామహేశంగారు వేదికెక్కారు. బక్కపల్చటి మనిషి. నవ్వితే దాన్ని ఎవరైనా రికార్డు చేస్తారేమోనన్నట్టు ఉంటారు. అనుమానం అనేది గాలికి పుట్టేది కాదనీ, అది నిర్మాణాత్మకంగా, దశలవారీగా, సంస్థాగత స్ఫూర్తితో జనించాలనీ ఆయన గంటన్నర చెప్పారు. ఆ తర్వాత మోసం లక్షణాలు తెర మీద చూపించారు. క్లెయిముదారుడు ఆలస్యంగా రావడం మొదటి లక్షణం. వెంటనే రావడం రెండోది. ఎక్కువ ఏడవడం, ఏడవకపోవడం, కాగితాలు తక్కువగా ఉండటం, ఉన్నవి నలిగి ఉండటం వరసగా ఆ తర్వాతివి. ఏడో లక్షణం దగ్గర ఆయన ఆగి, దీన్ని ప్రత్యేకంగా గమనించాలని చెప్పారు: కాగితాలన్నీ సక్రమంగా ఉండటం. సామాన్యుడి దగ్గర అన్ని కాగితాలూ ఉండవనీ, ఉన్నాయంటే ముందస్తు ప్రణాళిక ఉన్నట్టేననీ వివరించారు.

అమలాపురం శాఖ నుంచి వచ్చినాయన లేచి, ఎంత ప్రయత్నించినా ఎవరి మీదా అనుమానం రాకపోతే ఏం చేయాలని అడిగాడు. ఉమామహేశంగారు ఆయన పేరు అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత ఇంకెవరూ ప్రశ్నలు వేయలేదు.

నివేదించే విధానం మాత్రం భుజంగరావుకు ఎంతో నచ్చింది. ఫారం నింపాలి. అనుమానానికి కారణాలు సొంత మాటల్లో ఒక పేజీకి తగ్గకుండా రాయాలి. కవరుకు లక్క ముద్ర వేయాలి. నివేదించింది ఎవరో ముఖ్యాధికారికి తప్ప ఎవరికీ తెలియదు. మేనేజరుకు కూడా చెప్పకూడదు. కాకినాడ నుంచి తిరిగి వస్తున్న బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి తోటి ప్రయాణికులను కళ్లు చిట్లించి చూశాడు. పక్క సీటాయన ఏమైనా నలక పడిందా అండీ అని అడిగాడు.

పదిహేను రోజుల గడువులో పదమూడు రోజులు గడిచిపోయాయి. అనుమానం రాలేదు. ఆయన ప్రయత్నలోపం ఏమీ లేదు. కోతులు దూకి అద్దాలు పగిలిన సెలూను ఫైలు తీసి చూశాడు. ఆ కోతుల్ని తను స్వయంగా ఎరుగును. కాలవలో పడ్డ బ్యాండు వ్యాను ఫైలు తీశాడు. ఇంకా తడి ఆరని డోలును భుజాన వేసుకుని వాళ్లు ఆఫీసుకు వచ్చిన రోజు గుర్తొచ్చి మూసేశాడు. జానకీరమణిగారు గంటకోసారి తలుపు దగ్గరకు వచ్చి, అడగకూడదు గనక ఏమీ అడగకుండా, ఆయన వైపు చూసి వెళ్లిపోయేవారు. అమలాపురం ఆయన్ని పాడేరుకు బదిలీ చేశారని పద్నాలుగో రోజున తెలిసింది.

పదిహేనో రోజు మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది.

నూకరత్నానికి నలభై ఏళ్లుంటాయి. భర్త పోయి ఆరేళ్లయింది. తాపేశ్వరం రోడ్డు పక్కన రేకుల కొట్టంలో ఒక్క గేదెను పెట్టుకుని పదిహేను ఇళ్లకు పాలు పోసేది. ఆ పదిహేనింటిలో భుజంగరావు ఇల్లు ఒకటి. సీతాలు అని పిలుచుకునే ఆ గేదె పది రోజుల కిందట కడుపుబ్బరం వచ్చి, పశువుల డాక్టరు వచ్చేలోపే ప్రాణం విడిచింది. మూడు నెలల పెయ్యదూడ మిగిలింది. ఏయే కాగితాలు తేవాలో ఆ మర్నాడే భుజంగరావు ఆమెకు జాబితా రాసి ఇచ్చాడు. ఆమె ఆ జాబితా పట్టుకుని తొమ్మిది రోజులు తిరిగి, డాక్టరు సర్టిఫికెట్టు, పంచనామా, బీమా గుర్తుగా వేసిన చెవి బిళ్ల, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, అన్నీ వరసలో పెట్టి దారంతో కుట్టుకుని తెచ్చింది. పైన ఆయన రాసిచ్చిన జాబితానే అట్టలా పెట్టింది.

"మీరు రాసిచ్చినట్టే తెచ్చేనండి బాబుగారూ. ఒక్కటి తక్కువైనా సెప్పండి, మళ్లీ తిరుగుతాను" అంది.

ఒక్కటీ తక్కువ కాలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఇంత చక్కటి ఫైలు చూడలేదని ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఆమె సంతోషించి వెళ్లిపోయింది. ఫైలు బల్ల మీద ఉంది. గడియారం నాలుగు కొట్టింది. తపాలా ఐదింటికి వెళ్తుంది. భుజంగరావు ఫైలును చూస్తూ కూర్చున్నాడు. ఏడో లక్షణం గుర్తొచ్చింది.

తనకు తాను ఆయన చాలా చెప్పుకున్నాడు. ఇది అనుమానమే గాని నేరారోపణ కాదు. ఎవరో వచ్చి చూస్తారు, నిజం తెలుస్తుంది, నాలుగు రోజుల్లో తేలిపోతుంది. దాచుకోవడానికి ఏమీ లేని మనిషి కాబట్టి ఆమెకు నష్టమే లేదు. అసలు అనుమానించాలంటే ఇలాంటి మచ్చలేని మనిషినే అనుమానించాలి, మిగతావాళ్లనైతే ప్రమాదం. ఇలా ఆలోచించుకుంటూ వెళ్లేసరికి, ఆమెకు ఏదో మేలు చేస్తున్నట్టే అనిపించింది.

ఇక రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. జీవితమంతా "సదరు క్లెయిమును పరిశీలించి పంపడమైనది" తప్ప వేరే వాక్యం రాసే అవకాశం రాని మనిషి ఆయన. "పత్రములన్నియు ఒక మహిళకు అలవిగాని క్రమశిక్షణతో అమర్చబడి ఉన్నవి. ఆ దారపు కుట్టునందే ఒక అదృశ్య హస్తము గోచరించుచున్నది" అని రాసి, తనే ముగ్ధుడై మళ్లీ చదువుకున్నాడు. ఒకటే చిన్న ఇబ్బంది వచ్చింది. పైనున్న జాబితా ఆయన దస్తూరీలో ఉంది. అది చూస్తే ఆ అదృశ్య హస్తం ఎవరిదో తెలిసిపోతుంది. దారం విప్పి, జాబితాను తీసి సొరుగులో పడేశాడు. అది తప్పనిసరి పత్రం కాదని అనుకున్నాడు. కవరుకు లక్క ముద్ర వేసి ఐదింటి తపాలాకు పంపాడు.

మూడో రోజున ఉమామహేశంగారు స్వయంగా ఫోను చేసి అభినందించారు. రాష్ట్రం మొత్తం మీద ఇంత సాహిత్య విలువ గల అనుమానం ఇంకెక్కడా రాలేదన్నారు. ఆ రోజు భుజంగరావు నడకలో మార్పు వచ్చిందని ఆఫీసులో అందరూ గమనించారు. ఎందుకో మాత్రం ఆయన చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. కానీ అడిగితే బాగుండునన్నట్టు ఉన్నాడు.

ఆ తర్వాతి వారం ఇద్దరు పరిశోధకులు వచ్చారు. పొడుగాయన ప్రశ్నలు అడుగుతాడు, పొట్టాయన ఫొటోలు తీస్తాడు. శాఖ తరఫున వెంట వెళ్లాల్సిన బాధ్యత భుజంగరావు మీదే పడింది. కొట్టంలో వాళ్లు కట్టుకొయ్యను కొలిచారు, తాడును కొలిచారు, గోడకు గేదె ఒళ్లు రుద్దుకున్న మరకను కొలిచారు. వాళ్ల కాగితాల్లో సీతాలు పేరు "మృతురాలు" అని ఉంది. మృతురాలికి ఎవరితోనైనా విరోధం ఉందా, చనిపోయే ముందు ఆమె ప్రవర్తనలో మార్పు ఏమైనా వచ్చిందా అని అడిగారు. పక్కవాళ్ల పొట్లపాదు తిన్నందుకు ఒకసారి గొడవైందని నూకరత్నం నిజాయితీగా చెప్పింది. పొడుగాయన దాని కింద రెండు గీతలు గీసుకున్నాడు.

చచ్చింది బీమా చేసిన గేదేనా, వేరే గేదెకు బిళ్ల తగిలించారా అన్నది వాళ్ల అసలు సందేహం. దాన్ని తేల్చడానికి ఒక పద్ధతి ఉందన్నారు. పొట్టాయన సంచిలోంచి సీతాలు ఫొటోను పెద్దదిగా అచ్చువేయించింది తీశాడు. దాంతోపాటు వేరే ఐదు గేదెల ఫొటోలు తీశాడు. ఆరింటినీ గోడకు వరసగా ఆనించి, దూడను విప్పి ముందు నిలబెట్టారు. దూడ తన తల్లిని గుర్తించాలి. ఎవరూ ప్రభావితం చేయకూడదు కాబట్టి నూకరత్నాన్ని బయటికి పంపారు.

దూడ మొదటి ఫొటోను వాసన చూసింది. మూడోదాన్ని తొక్కింది. తర్వాత వెనక్కి తిరిగి, పొడుగాయన భుజానికి వేలాడుతున్న తోలుసంచిని ఆప్యాయంగా నాకసాగింది. ఎంత లాగినా వదల్లేదు. "దూడ సాక్ష్యము నమ్మదగినదిగా లేదు. వేరొకరి ప్రభావమునకు లోనైనట్లు తోచుచున్నది" అని పొడుగాయన రాసుకున్నాడు. సాక్షి సంతకం కావాలంటే భుజంగరావు పెట్టాడు.

 

నాలుగు రోజుల్లో తేలుతుందనుకున్నది నెల దాటింది. నూకరత్నం పాలు పోసే ఇళ్లన్నీ ప్యాకెట్లకు మారిపోయాయి. ఆమె రైసు మిల్లులో ఊడ్చే పనికి వెళ్తోందని, పొద్దున్న వెళ్తే సాయంత్రం దాకా దూడను పట్టించుకునేవాళ్లు లేరని సత్యవాణి చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, ఎవడో రాక్షసుడు ఆ మనిషి మీద రాశాట్ట, వాడి ఇల్లు బాగుపడదు అంది. భుజంగరావు తమ ఇంటి పైకప్పు వైపు చూశాడు.

ఒక సాయంత్రం నూకరత్నమే ఆఫీసుకు వచ్చింది. ప్రాంతీయ కార్యాలయం ఆమెకు నోటీసు పంపింది. మీ కాగితాలు ఇంత సక్రమంగా ఎందుకున్నాయో పది రోజుల్లో రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలట. ఆమెకు సంతకం వరకే వచ్చు.

"ఎవరు రాశారో నాకు తెలీదండి. తెలిసి ఏం సేత్తాను. మీరైతే నా ఫైలు సూశారు, మెచ్చుకున్నారు. ఆ ముక్కే ఓ కాయితం మీద రాసి పెట్టండి బాబుగారూ" అంది.

భుజంగరావు రాశాడు. వద్దని ఎలా అంటాడు? తన అనుమానానికి తనే జవాబు రాయాల్సి వచ్చినా, రాయడానికి కూర్చున్నాక ఆయనలో మళ్లీ ఆ సాహిత్యకారుడు నిద్ర లేచాడు. "నిరుపేద మహిళ క్రమశిక్షణను నేరముగా పరిగణించు కాలము దాపురించినదా? ఆ దారపు కుట్టునందు గోచరించునది అదృశ్య హస్తము కాదు, అలసిన హస్తము" అని రాసేసరికి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అదృశ్య హస్తం అన్న మాట లక్క ముద్ర వేసిన కవర్లో తప్ప ఇంకెక్కడా లేదన్న సంగతి కవరు డబ్బాలో పడ్డాక గాని ఆయనకు తట్టలేదు.

ఉమామహేశంగారి దగ్గర నుంచి ఫోను వెంటనే వచ్చింది. ఆయన గొంతు ఉద్వేగంతో ఉంది. రెండు పత్రాల భాషనూ నిపుణుల చేత పోల్పించి చూశామనీ, అనుమాన నివేదికలోని రహస్య పదజాలం నిందితురాలికి చేరిపోయిందనీ, దీన్నిబట్టి ఇది ఒక్క గేదెతో పోయే వ్యవహారం కాదనీ, వెనక ఉన్నత విద్యావంతులైన ముఠా ఉందనీ చెప్పారు. ఆ ముఠా తేలేదాకా మండలంలో పశువుల క్లెయిములన్నీ నిలిపివేస్తున్నామన్నారు. ఇంత పెద్ద ముఠాను బయటపెట్టినందుకు భుజంగరావును మరోసారి అభినందించారు.

పదకొండు కుటుంబాల ఫైళ్లు ఆగిపోయాయి. పదకొండు ఫైళ్లకూ జాబితాలు రాసిచ్చింది భుజంగరావే. అవన్నీ సక్రమంగానే ఉన్నాయి.

మర్నాడు ఆయన ధైర్యం చేసి ఉమామహేశంగారికి ఫోను చేసి, తన అనుమానాన్ని వెనక్కి తీసుకుంటానని చెప్పాడు.

"ఉపసంహరణకు ప్రొవిజన్ లేదండీ. అనుమానం మీకు కలిగి ఉండొచ్చు. కానీ ఒకసారి నివేదించాక అది సంస్థ ఆస్తి. సంస్థ ఆస్తిని మీరు ఇంటికి తీసుకెళ్తానంటే ఎలా?" అన్నారు ఉమామహేశంగారు.

మరి ఏ దారీ లేదా అంటే, ఆయన నియమావళి తిరగేసి, తొమ్మిదో నిబంధన కింద ఒక్క దారి ఉందన్నారు. అనుమానం నివేదించిన వ్యక్తే దురుద్దేశంతోనో, అసత్యంగానో నివేదించాడని ఎవరైనా నివేదిస్తే, అది రుజువైతే, మొదటి అనుమానం రద్దవుతుంది. కానీ నివేదించిన వ్యక్తి ఎవరో ఎవరికీ తెలియదు కాబట్టి ఇంతవరకు ఆ నిబంధనను ఎవరూ వాడుకోలేదని గర్వంగా చెప్పారు. తెలిసిన మనిషి ఒక్కడున్నాడు. అతను ఫోను పెట్టేసి సొరుగు తెరిచి, జాబితాను తీసి చూసుకున్నాడు.

జానకీరమణిగారితో రహస్యం చెప్పడం నిబంధనలకు విరుద్ధమే అయినా చెప్పేశాడు. ఆవిడ విని కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఇంక్రిమెంటు పోతుంది, పేరు పోతుంది, ఆరేళ్లే సర్వీసు ఉంది, ఆలోచించుకోండని బతిమాలారు. ఆ తర్వాత ఫారం ఇనప బీరువా పైఅరలో ఉందని మెల్లగా చెప్పి, తాళాలు బల్ల మీద పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఫారం నింపడం కంటే కష్టమైన పని ఒకటి మిగిలింది. ఆదివారం పొద్దున్నే ఆయన తాపేశ్వరం రోడ్డుకు నడిచి వెళ్లాడు. దారి పొడుగునా మంచి వాక్యాలు తయారుచేసుకున్నాడు. నూకరత్నం దూడకు కుడితి పెడుతోంది. ఆయన్ని చూసి లోపలికెళ్లి కుర్చీ తెచ్చింది. తయారుచేసుకున్న వాక్యాలు ఒక్కటీ పనికిరాలేదు. నిలబడే చెప్పాడు.

"నీ మీద రాసింది నేనేనమ్మా."

ఆమె కుడితి బకెట్టు కింద పెట్టింది. దూడ బకెట్టులో మూతి పెట్టి చప్పరించసాగింది. ఏ రోజు రాశారని నూకరత్నం అడిగింది. నువ్వు ఫైలు తెచ్చిన రోజునే అన్నాడు. మెచ్చుకోకముందా, మెచ్చుకున్నాకా అని అడిగింది. తర్వాతే అన్నాడు. గడువు గురించి, ఏడో లక్షణం గురించి, సొరుగులో వేసిన జాబితా గురించి దాచకుండా అంతా చెప్పాడు. చెప్తున్నకొద్దీ ఆ మాటలు తనకే ఎంత వెర్రిగా వినిపించాయంటే, మధ్యలో ఒకటి రెండుసార్లు ఇది నిజంగానే జరిగిందమ్మా అని ఒట్టు వేయాల్సి వచ్చింది.

"అయితే నాకు రాసిచ్చిన జవాబు కూడా మీ మీదేనన్నమాట" అంది నూకరత్నం.

"అవును."

"అది సదివి వినిపించినప్పుడు ఏడుపొచ్చిందండి నాకు. మొదటిది కూడా అంత బాగా రాశారా?"

అబద్ధం చెప్పే శక్తి ఆయనకు లేకపోయింది. ఇంకా బాగా రాశానన్నాడు. ఆమె ముఖం తిప్పుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆయన కంగారుపడ్డాడు. ఏడవడం లేదు, నవ్వుతోంది. కోపం పోయి వచ్చిన నవ్వు కాదది. ఇంత తెలివితక్కువ మనిషి మీద ఎంత కోపమని పెట్టుకోవాలో తెలియక వచ్చిన నవ్వు. కుర్చీ లోపల పెట్టేసి, తనకు మిల్లుకు వేళైందనీ, సాయంత్రం దాకా దూడకు నీళ్లు పెట్టే దిక్కు లేదనీ, ఖాళీగా ఉంటే మధ్యాహ్నం వచ్చి పెట్టి వెళ్లమనీ చెప్పి వెళ్లిపోయింది. అనుమాన సమన్వయాధికారి ఆ రోజు రెండుసార్లు వెళ్లి దూడకు నీళ్లు పెట్టాడు. అది ఆయన చొక్కా అంచు నమిలితే నమలనిచ్చాడు.

విచారణకు ఉమామహేశంగారు స్వయంగా మండపేట వచ్చారు. ఆయనకు ఒక పట్టాన నమ్మకం కుదరలేదు. తప్పు చేసినవాడు తనంతట తానే ఒప్పుకోవడం పదకొండో లక్షణమట. ముఠా ఒత్తిడి వల్ల నేరం మీద వేసుకుంటున్నారా, నిందితురాలు ఏమైనా ఇచ్చిందా అని గుచ్చి గుచ్చి అడిగారు. దూడకు నీళ్లు పెట్టడం తప్ప తమ మధ్య ఏ లావాదేవీ లేదని భుజంగరావు చెప్పాడు. రెండు పత్రాలూ తనే రాశానని ఎంత చెప్పినా, ఒక సీనియర్ అసిస్టెంటు రెండు వైపులా అంత గొప్పగా రాయగలడంటే సంస్థ నమ్మదని ఉమామహేశంగారు కొట్టిపారేశారు. అంతటి విషాదంలోనూ భుజంగరావుకు ఆ మాట కొంచెం తీపిగానే తగిలింది.

చివరికి ఆయన జాబితా తీసి బల్ల మీద పెట్టాడు. అంచున దారం గుచ్చిన చిల్లులు అలాగే ఉన్నాయి. ఇది ఫైలుకు అట్టగా ఉండేదనీ, ఇది చూస్తే మీకు అనుమానం రాదని భయపడి తనే విప్పి దాచాననీ చెప్పాడు.

ఉమామహేశంగారు చిల్లులను ఫైలులోని చిల్లులకు ఆనించి చూశారు. సరిపోయాయి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆ ఏడాది ఆ ప్రాంతం నుంచి నాలుగు వందల పైచిలుకు అనుమానాలు వచ్చాయి. ఒక్కటీ రుజువు కాలేదు. రుజువైనవి ఎన్ని అని ప్రధాన కార్యాలయం వారానికో ఉత్తరం రాస్తోంది. ఇప్పుడు ఎదురుగా రికార్డు తారుమారు చేసిన మనిషి, ఆధారంతో సహా, సంతకం పెట్టి మరీ కూర్చుని ఉన్నాడు.

"నా సర్వీసులో నిజమైన మోసం చూడటం ఇదే మొదలండీ" అన్నారాయన. లేచి భుజంగరావుకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

ఆ వారమే మొదటి అనుమానం రద్దయింది. నూకరత్నం క్లెయిము, దాంతోపాటు ఆగిపోయిన పదకొండు ఫైళ్లూ కదిలాయి. నెల తర్వాత విశాఖపట్నంలో నిఘా వారోత్సవాల ముగింపు సభ జరిగింది. ఏడాది మొత్తం మీద రుజువైన ఏకైక మోసాన్ని నివేదించినందుకు భుజంగరావుకు ఉత్తమ నివేదకుడి ప్రశంసాపత్రం, శాలువా ఇచ్చారు. ఏడాది మొత్తం మీద రుజువైన ఏకైక మోసానికి పాల్పడినందుకు రెండు ఇంక్రిమెంట్లు కోసిన ఉత్తర్వు కూడా ఇచ్చారు. తపాలా ఖర్చు ఎందుకని రెండూ వేదిక మీదే ఇచ్చేశారు. ఫొటోగ్రాఫరు రెండు కాగితాలూ కెమెరాకు కనపడేలా పట్టుకోమన్నాడు. ఆ ఫొటోలో భుజంగరావు నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వారని సత్యవాణి అడిగితే, పట్టినవాడు నవ్వాలా పట్టుబడినవాడు ఏడవాలా తేల్చుకునేలోపే ఫొటో తీసేశాడని చెప్పాడు.

ప్రధాన కార్యాలయానికి ఆ పద్ధతి బాగా నచ్చింది. బయటివాళ్లను అనుమానించడం కన్నా ఉద్యోగులు తమను తామే అనుమానించుకుంటే రుజువు శాతం నూటికి నూరు వస్తోందని గమనించి, ఇకమీదట ప్రతి ఉద్యోగీ ఆరు నెలలకొకసారి స్వీయ అనుమానం నివేదించాలని సర్క్యులర్ పంపింది. భుజంగరావును ఆ పదవి నుంచి తప్పించి తపాలా సీట్లో కూర్చోబెట్టినా, రాసే నేర్పు ఆయన ఒక్కడికే ఉంది కాబట్టి అందరూ ఆయన దగ్గరకే వచ్చేవారు. జానకీరమణిగారు రెండు రోజులు ఆలోచించి, పోయినేడు ఆఫీసు గుండుసూది ఒకటి చీరకు పెట్టుకుని మర్చిపోయి ఇంటికి వెళ్లిపోయానని, అది సరిపోతుందా అని ఆదుర్దాగా అడిగారు. సరిపోయేలా రాస్తానని ఆయన ధైర్యం చెప్పాడు.

నూకరత్నం కొత్త గేదెను కొనుక్కుంది. ఒక సోమవారం పొద్దున్న ఇంటి ముందు సైకిలు గంట వినిపిస్తే భుజంగరావే గిన్నె పట్టుకుని వెళ్లాడు. ఆమె పాలు పోసింది. గేదె ఎలా ఉందని అడిగాడు. బానే ఉందండి అంది. ఆమె ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

సత్యవాణి కాఫీ కలిపి తెచ్చింది. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. సందేహం లేదు. గేదె ఇచ్చిన పాలలో బోరింగు ఇచ్చినవి కూడా ధారాళంగా ఉన్నాయి. యాభై నాలుగేళ్ల జీవితంలో ఆయనకు ఎవరి బలవంతమూ లేకుండా, గడువు లేకుండా, లక్షణాల పట్టిక అవసరం లేకుండా, తనంత తానుగా కలిగిన మొట్టమొదటి అనుమానం అది.

సత్యవాణి ఎదురుగా నిలబడి ఆయన ముఖం వైపే చూస్తోంది.

"ఏమిటలా చూస్తున్నారు? పాలు పల్చగా ఉన్నాయా?"

"కొత్త గేదె కదా" అన్నాడు భుజంగరావు. "అలవాటు పడాలి."

గ్లాసు ఖాళీ చేసి, ఇంకో సగం పొయ్యమన్నాడు.